నలభై పెట్టెల తియ్యటి వైన్

మా హోటల్ భోజనశాలలో వైన్ వడ్డించే మనిషిని నేను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వంటగదిలో వాళ్ళు నన్ను ముక్కు సారు అంటారు. నా ముక్కు మరీ పొడవేమీ కాదు. దాన్ని ప్రతి గ్లాసులోనూ దూర్చి కళ్ళు మూసుకుంటానని ఆ పేరు పెట్టారు. చాలాకాలం అది గౌరవంతో పెట్టిన పేరే అనుకున్నాను. ఒకసారి నేను లేననుకుని గిన్నెలు తోమే మనిషి నన్ను అనుకరిస్తుంటే, వంటవాళ్ళందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, తలుపు చాటు నుంచి చూశాను. అనుకరణ మాత్రం చక్కగా ఉంది. నాకే నవ్వొచ్చింది.

అంతకుముందు అదే హోటల్లో బల్లగుడ్డలు ఇస్త్రీ చేసేవాణ్ణి. అప్పటి వైన్ పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో నేలమాళిగ మెట్లు దిగలేక పని మానేశాడు. హోటల్ యజమానురాలిని అందరం మేడం అంటాం. ఆవిడ పనివాళ్ళందరినీ పిలిచి, "పరాయి భాషల్లో ఉన్న లేబుళ్ళు చదవగలిగినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను కాబట్టి ఎత్తాను. అర్థం తెలుసా అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడు నెలల శిక్షణకి పంపించారు. యాభై మార్కులు వస్తే పాసు. నాకు యాభై రెండు వచ్చాయి. ఇంటికొచ్చి "పాసయ్యాను" అన్నానే గానీ ఎన్ని వచ్చాయో ఎవరికీ చెప్పలేదు. సర్టిఫికెట్‌ని అద్దాల ఫ్రేములో పెట్టించేటప్పుడు మార్కుల వరస చెక్క కిందకి వెళ్ళేలా కొట్టమని ఫ్రేములవాణ్ణి బతిమాలుకున్నాను.

ఆ తర్వాత నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసుని కూడా వెలుతురుకి ఎత్తి చూసేవాణ్ణి. మా ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. రోజంతా జనం చెప్పే కథలు విని విని అలవాటైన మనిషి. ఓరోజు చూసీ చూసీ, "ఏవండీ, అందులో ఏం కనపడుతోంది?" అని అడిగింది.

"స్వచ్ఛత," అన్నాను.

"అయితే రేపట్నుంచి మీ గ్లాసు మీరే తోముకోండి. ఇంకా బాగా కనపడుతుంది," అంది.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. నాకున్న అభిప్రాయాలన్నిటిలోకీ గట్టిది ఒకటే, తియ్యటి వైన్ అనేది తాగడం తెలియని వాళ్ళ కోసం చేసేదని. తీపి లేని దాన్ని మా వాడుకలో డ్రై అంటాం. అదే పెద్దమనుషులు తాగేది. ఎవరైనా తియ్యటిది కావాలని అడిగితే నా కనుబొమ ఒకటి దానంతటదే పైకి లేచేది. దానంతటదే అన్నాను గానీ, అద్దం ముందు వారం రోజులు సాధన చేస్తే వచ్చింది అది. శిక్షణలో తియ్యటి వైన్ల మీద ఒక పాఠం ఉండేది. అది నాలాంటివాడి కోసం కాదనుకుని ఆ పేజీలు తిప్పేశాను.

రెండేళ్ళ కిందట మేడం భోజనాల కార్డు మొత్తం మార్చింది. నిమ్మరసం చేపని కొత్తగా పెట్టి, దాని పక్కకి మంచి తెల్ల వైన్ ఒకటి తెప్పించమంది. "మామూలుగా అందరి దగ్గరా దొరికేది వద్దు. మీరే ఎంచండి," అంది. నాకు రెక్కలొచ్చాయి. సరఫరాదారుడి జాబితాలో వెతికి, నోరు తిరగని పేరున్న దాన్ని పట్టుకున్నాను, గెవుర్ట్స్‌ట్రామినర్ అని. పేరే అలా ఉంటే లోపల ఇంకెంత ఉంటుందో అనుకున్నాను. ఆ పేరు పలకడం మూడు రోజులు ఇంట్లో సాధన చేశాను. రెండో రోజు మా ఆవిడ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు తెచ్చి ముందు పెట్టి, పుక్కిలించమంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుందట.

జాబితాలో ఆ పేరుతో రెండు రకాలున్నాయి. ఒకదానికి ఉత్త పేరే ఉంది. రెండోదానికి పేరు చివర వంకర టింకర అక్షరాల్లో ఇంకో రెండు మాటలున్నాయి. బిరుదేదో వచ్చి ఉంటుంది అనుకున్నాను. మేడం కూడా అదే అడిగింది, "ఈ రెండు మాటలకి అర్థం ఏంటి?" అని.

"నిదానంగా, శ్రద్ధగా చేసిందని అర్థం మేడం," అన్నాను.

ఏ తడబాటూ లేకుండా అన్నాను. ఇప్పటికీ ఆ నిబ్బరం తలుచుకుంటే నాకే ముచ్చటేస్తుంది. నలభై పెట్టెలకి ఆర్డరు వెళ్ళింది. పెట్టెకి పన్నెండు సీసాలు.

మంగళవారం పొద్దున పెట్టెలు దిగాయి. నేలమాళిగలో ఒక్కణ్ణే కూర్చుని మొదటి సీసా తెరిచాను. లేత బంగారం రంగు, అందులో కాస్త రాగి జీర. ఆ ద్రాక్షకి తొక్క గులాబి రంగులో ఉంటుంది, వైన్ మాత్రం తెల్ల జాతి కిందే లెక్క. నేను ముక్కు దూర్చేలోపే వాసన తానే ఎదురొచ్చింది. గులాబీలు, లిచీ పండ్లు, ఎక్కడో అడుగున అల్లం. నా ముక్కుతో దానికి అవసరమే పడలేదు. అది నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. తర్వాత ఓ గుక్క నోట్లో పోసుకున్నాను.

తీపి. అలాంటి ఇలాంటి తీపి కాదు. పండిన పండు రసం నాలుక మీద మందంగా పరుచుకున్నట్టుంది. పులుపు వెతికినా తగల్లేదు. గబగబా పైకెళ్ళి పాత శిక్షణ పుస్తకం తీసి, ఎప్పుడూ తెరవని పాఠం తెరిచాను. ఆ రెండు మాటలూ మొదటి పేజీలోనే ఉన్నాయి. 'ఆలస్యపు కోత' అని అర్థమట. ద్రాక్షని తొందరపడి కొయ్యకుండా, బాగా తీపెక్కేదాకా తీగ మీదే వదిలేస్తారట. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం మేడం కిందకి వచ్చి తనూ రుచి చూసింది.

"ఇది తియ్యగా ఉందేంటి?"

"అవును మేడం. కావాలనే."

"నలభై పెట్టెలూనా?"

"నలభై ఉండాల్సిందే మేడం. దీని వెనకాల ఒక ఆలోచన ఉంది."

"ఏం ఆలోచన?"

ఇరవై ఏళ్ళు వైన్ వడ్డించినవాణ్ణి, ఆ క్షణాన నీళ్ళు నమిలాను. "వచ్చే వారం చూపిస్తాను మేడం," అన్నాను.

ఆ వారం నేను చేసిన ప్రయోగాలు ఎవరికీ చెప్పుకోదగ్గవి కావు. ముందు నిమ్మరసం చేపతోనే వడ్డించాను. ప్రతి గురువారం మధ్యాహ్నం ఒంటరిగా భోంచేయడానికి వచ్చే రిటైరైన జడ్జిగారు ఒకాయన ఉన్నారు. ఆయన ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, చుట్టూ చూసి, "చేప కనపడటం లేదయ్యా. సెంటు షాపులో ఎక్కడో తప్పిపోయినట్టుంది," అన్నారు. చేపలోని నిమ్మకాయ పులుపు ముందు వైన్ చప్పబడింది, వైన్ వాసన ముందు చేప ఊసే లేకుండా పోయింది.

అప్పుడు బుర్ర వాడాను. తియ్యటిదానికి తియ్యటిదే జోడీ అని తేల్చి, కాల్చిన చక్కెర పాకం పోసిన కేకుతో పెట్టాను. కేకు దీనికంటే నాలుగింతలు తీపి. దాని పక్కన వైన్ ఒట్టి నీరసంగా, చివర్లో చేదుగా తగిలింది. ఒకావిడ గ్లాసు వెనక్కి పంపిస్తూ, "ఇందులో నీళ్ళేమన్నా కలిపారా?" అని మర్యాదగానే అడిగింది. మూడో రోజు సీసాలన్నిటినీ మంచుగడ్డల్లో ముంచి, పళ్ళు జివ్వుమనేంత చల్లగా వడ్డించాను. వాసన మొత్తం చచ్చిపోయింది. ఆ రోజే అన్నిటికంటే ఎక్కువ గ్లాసులు పోయాయి. తాము తాగుతున్నదేంటో ఎవరికీ తెలియలేదు మరి.

ఇక పెద్దక్క గురించి చెప్పాలి. మా వంటగదిలో పెద్ద వంటమనిషి, అందరం అలాగే పిలుస్తాం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మోచేతుల దాకా కాలిన మచ్చలు, పొదుపుగా మాట్లాడే నోరు. అతిథుల భోజనాలన్నీ అయ్యాక మూడు గంటలకి వంటగది వెనక పొడుగాటి స్టీలు బల్ల మీద పనివాళ్ళం తింటాం. అప్పుడు ఆవిడ తన ఇష్టానికి వండుతుంది. అతిథులకి పనికిరావని తీసేసిన కోడి ముక్కల్ని ఎండుమిరపకాయలూ అల్లమూ దంచి పెనం మీద వేయిస్తే వీధి చివర దాకా తుమ్ములొస్తాయి. కార్డు మీదకి ఎన్నడూ ఎక్కని వంట అది.

ఆ రోజు సగం మిగిలిన సీసా పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్తున్నాను.

"ఎక్కడికయ్యా ముక్కు సారూ?"

"పారబోద్దామని అక్కా. మంచుగడ్డలు అయిపోయాయి, వేడెక్కుతోంది."

"పారబొయ్యడం ఎందుకు? ఇలా పొయ్యి," అని టీ తాగే గ్లాసు ముందుకి జరిపింది.

నోట్లో ముద్ద ఉండగానే ఒక గుక్క తాగింది. ఇంకో ముద్ద తిని మళ్ళీ తాగింది. గ్లాసులోకి చూసింది.

"ఇది మొదట్నుంచీ ఇలాగే ఉందా, ఇప్పుడేమన్నా కలిపావా?"

"మొదట్నుంచీ ఇంతేనక్కా."

"మరి తీసుకెళ్ళి ఆ నిమ్మకాయ చేప పక్కన ఎందుకు కూర్చోబెట్టావు? అది పుల్లటి మనిషి, దీనికి పులుపంటే ఏంటో తెలియదు. ఇద్దరికీ మాటలేం కలుస్తాయి? ఇదిగో, కారంతో చూడు. మంట లేస్తుందా, ఇది దాని భుజం మీద చెయ్యేసి కూర్చోమంటుంది. అల్లమైతే దీన్ని చూడగానే చుట్టాన్ని చూసినట్టు గుర్తుపట్టింది."

నేనూ తిని తాగాను. ఆవిడ చెప్పినట్టే ఉంది. కారం నాలుకని పట్టుకోగానే ఆ తీపి వచ్చి విడిపించింది. మంట తగ్గాక అల్లం వాసన, గులాబీ వాసన కలిసి నోట్లో నిలబడ్డాయి. నాలుగు రోజులుగా వెకిలిగా కనిపించిన వైన్ అక్కడ ఎంతో పొందిగ్గా ఉంది. పెద్దక్క లేచివెళ్ళి, అతిథులు వాసనకి భయపడి వెనక్కి పంపే చీజ్ ముక్క ఒకటి తెచ్చి, దాన్నీ నంజుకుంది. "ఉప్పుతో కూడా సర్దుకుంటుంది. కంపు చీజ్‌ని చూసి కూడా జడవలేదు," అంది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని పనిలో పడిపోయింది.

మర్నాడు నేను మేడం గదిలోకి వెళ్ళి, నా ఆలోచన సిద్ధమైంది అన్నాను. 'నా' అన్నాను. ఆ ఒక్క అక్షరం దగ్గరే నా పతనం మొదలైంది. పెద్దక్క చేత అదే కోడి వండించి, ఆ వైన్‌తో మేడం ముందు పెట్టాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, "అయితే నిజంగానే కావాలని తెప్పించారన్నమాట," అంది. నేను వినయంగా తల వంచాను. వారంలో కొత్త కార్డు అచ్చయింది. అల్లం మిరప కోడి, దాని కింద వైన్ పేరు, దాని కింద 'మా వైన్ నిపుణుడి ఎంపిక' అని. ఆ కార్డు ఒకటి ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ చదివి, "నిపుణుడు ఎవరు?" అని అడిగింది. హాస్యానికే అడిగిందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కోడి బ్రహ్మాండంగా ఆడింది. మూడు వారాల్లో పదకొండు పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఆ గురువారం జడ్జిగారు తృప్తిగా తిని, "ఈ జోడీ ఎలా తట్టిందయ్యా నీకు?" అన్నారు. అడిగిందే తడవుగా అందుకున్నాను. ఈ ద్రాక్ష స్వభావం ఇలాంటిది, పులుపు తక్కువ, పరిమళం ఎక్కువ, మరీ చల్లబరిస్తే మూగబోతుంది, వెచ్చబడితే మొద్దుబారుతుంది అంటూ మొదలుపెట్టాను. అంతవరకు పుస్తకంలోదే. ఊపులో ఆగలేక, "మంట లేస్తే భుజం మీద చెయ్యేసి కూర్చోమంటుందండి. అల్లం దీన్ని చుట్టాన్ని చూసినట్టు గుర్తుపడుతుంది," అన్నాను. జడ్జిగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు.

వంటగదికీ భోజనశాలకీ మధ్య ప్లేట్లు అందించే కిటికీ ఉంటుంది. తలెత్తి చూస్తే అందులో పెద్దక్క నిలబడి ఉంది. చేతిలో ప్లేటు ఉంది. తన మాటలు నా నోట్లోంచి రావడం మొత్తం విన్నదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. ప్లేటు గట్టు మీద పెట్టి, "ఆరో టేబులు," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు మూడు గంటలకి అందరి ముందూ కోడి ఉంది. నా ముందు మాత్రం ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంప ఒకటి ఉంది.

"ఇదేంటక్కా?"

"నిపుణులు కదా. నాలుక శుభ్రంగా ఉంచుకోవాలి."

శుక్రవారం బంగాళాదుంప. శనివారం బంగాళాదుంప. ఆదివారం కాస్త పెద్ద బంగాళాదుంప. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని తింటున్నారు గానీ, వాళ్ళ భుజాలు కదలడం నాకు తెలుస్తూనే ఉంది. అడిగే ధైర్యం లేదు. వాళ్ళ ముందు చెప్పుకోవడానికి నా దగ్గర ఏముందని? నాకు ఆకలి కంటే ఎక్కువగా ఇంకేదో బాధ పెట్టింది. అంతకుముందు దాకా రోజుకి పదిసార్లైనా ఏదో ఒకటి అని నన్ను ఆటపట్టించే మనిషి, ఇప్పుడు టేబులు నంబర్లు తప్ప మాట్లాడటం లేదు. ఇన్నేళ్ళలో ఆ వెటకారమే నాకు దక్కిన స్నేహమని అప్పుడు గానీ తెలిసిరాలేదు.

ఇంట్లో మా ఆవిడకి మొత్తం చెప్పాను, లేబులు సంగతితో సహా. ఆవిడ నవ్వలేదు. నవ్వుతుందేమోనని ఆశపడ్డాను.

"ఆవిడ మాటలు ఆవిడకి ఇచ్చెయ్యండి," అంది.

"ఎలా? వంటగదిలోకి వెళ్ళి క్షమించమని అడగనా?"

"వంటగదిలో ఎందుకు? ఎవరి ముందు మీవని చెప్పుకున్నారో, అక్కడే చెప్పండి."

తర్వాతి గురువారం జడ్జిగారు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చారు. మేడం కూడా వాళ్ళని పలకరించడానికి వచ్చి అక్కడే నిలబడింది. "మీరు వినాలి, ఇతను ఆ అల్లం సంగతి భలే చెప్తాడు," అన్నారు జడ్జిగారు. నేను సీసా తెరిచాను. గ్లాసుల్లో పోశాను. గొంతు సవరించుకున్నాను.

"అది నా మాట కాదండీ," అన్నాను. "మా పెద్దక్క మాట. ఈ కోడీ ఆవిడదే, ఈ జోడీ ఆవిడదే. నేను సీసాని తొట్టిలో పారబోయబోతుంటే ఆవిడ ఆపింది."

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ నా నోరు ఒకసారి తెరుచుకుంటే మూతపడదు. "అసలు ఈ వైన్ తియ్యగా ఉంటుందని కూడా నాకు తెలియదండీ. లేబులు మీద మాటలు అర్థం కాక తెప్పించాను. నిదానంగా, శ్రద్ధగా అని మేడంకి నేను చెప్పింది అప్పటికప్పుడు పుట్టించిందే," అని ఏకధాటిగా చెప్పేశాను.

జడ్జిగారు రుమాలుతో మూతి తుడుచుకుని, "ఇంత వివరమైన వాంగ్మూలం నా సర్వీసులో వినలేదయ్యా," అన్నారు. తర్వాత పెద్దక్కని చూడాలన్నారు. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎలా కనిపెట్టావమ్మా అని అడిగితే, "కనిపెట్టడం ఏముందండీ. తిన్నాను, తాగాను. మిగతాదంతా ఈయనే మాట్లాడుకున్నాడు," అంది.

ఆ మధ్యాహ్నం మేడం మా ఇద్దర్నీ గదికి పిలిచింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి, "నలభై పెట్టెలు. 'ఒక ఆలోచన' అన్నారు," అంది. కార్డు మీద నిపుణుడి మాట తీసేయించి, పెద్దక్క ఎంపిక అని వేయిస్తానంది. పెద్దక్కని శిక్షణకి పంపుతానంది. నన్ను కూడా మళ్ళీ పంపుతానంది. "ఈసారి పేజీలన్నీ చదవండి," అంది. నేను పేజీలు తిప్పేశానని ఆవిడకి చెప్పిందెవరో కనుక్కోలేదు. చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒకరే ఉన్నారు. మేడం ఉత్తరాలు పంపేది కూడా మా ఆవిడ పోస్టాఫీసు కౌంటరులోనే.

గది బయటికొచ్చాక పెద్దక్క అంది, "తొట్టి సంగతి కూడా చెప్పాలా? అంత అవసరమా?"

"నోరు జారిందక్కా."

"మూడింటికి రా. కోడి ఉంది."

శిక్షణ మొదటిరోజు అక్కడి మాస్టారు నన్ను చూసి, తోడొచ్చినవాళ్ళు బయట వరండాలో కూర్చోవచ్చన్నాడు. నేను కూడా విద్యార్థినేనని నమ్మించడానికి కొంచెంసేపు పట్టింది. పెద్దక్క గ్లాసులో ముక్కు దూర్చేది కాదు. దాన్ని గుండెల దగ్గర పట్టుకుని ఊరికే నిలబడేది. "వచ్చేదాన్ని రానివ్వాలయ్యా. మనం ఎగబడటం దేనికి?" అనేది. చివర్లో ఆవిడకి తొంభై ఒకటి వచ్చాయి, నాకు అరవై నాలుగు. తియ్యటి వైన్ల పాఠంలో మాత్రం నేను ఒక్క తప్పూ రాయలేదు. ఆ పాఠంలో అనుభవం కొద్దీ రాశాను.

మిగిలిన పెట్టెలు ఆరు నెలల్లో అయిపోయాయి. ఇప్పుడు ఏ వంటకి ఏ వైన్ అనేది పెద్దక్క చెబుతుంది, నేను తెప్పించి, తెరిచి, వడ్డిస్తాను. ఎవరైనా వచ్చి తియ్యటిది అడిగితే, ముందు వాళ్ళు ఏం తినబోతున్నారో అడుగుతాను.

మొన్నామధ్య పొగబెట్టిన బాతు మాంసం కొత్తగా మొదలైంది. దాని పక్కకి ఎర్రది పెడదామంది పెద్దక్క. నాకెందుకో మళ్ళీ ఆ గెవుర్ట్స్‌ట్రామినరే బాగుంటుందనిపించింది. ఈసారి తీపి తక్కువున్న రకం. పొగ వాసననీ ఉప్పునీ ఆ పరిమళం తట్టుకుంటుందని భయపడుతూనే చెప్పాను. ఆవిడ ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, గిన్నె తోముకోవడానికి తిరిగి వెళ్తూ, "సరే," అంది.

ఇంకేమీ అనలేదు. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చెప్పాను. మర్నాడు మళ్ళీ చెప్పాను. మూడో రోజు చెప్పబోతుంటే ఆవిడే అందుకుని, "తెలుసండీ, సరే అంది," అంటూ అన్నం వడ్డించింది.